అట్ట ఇళ్ళ కులగోత్రాలు

ముందుగా ఒక మనవి. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. మా ఆయన హార్వే ఉన్నంతకాలం ఇంటికొచ్చిన ప్రతి కాగితం ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయాక కరెంటు బిల్లు పట్టుకుని పక్కింటి గుమ్మం ఎక్కడం ఇష్టంలేక, ఊళ్ళో లైబ్రరీకి పోయి పిల్లల బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. కాబట్టి గుణింతాలు తప్పితే మీరే సర్దుకోండి. చెయ్యి కూడా నిదానం. ఒక పేజీ నిండేసరికి కాఫీ చల్లారిపోతుంది. విషయం మాత్రం చిన్నది కాదు.

"అట్ట ఇల్లు ఆటబొమ్మ కాదు. ఒక జాతి ఆత్మకు వేసిన పునాది!"

ఈ మాట నాది కాదు. మా ఊరు ఎబర్స్‌బర్గ్‌లో, ఫైర్ స్టేషన్ హాల్లో, మిస్ ఆర్డెల్లా ఫెన్‌స్టర్‌మేకర్ సెలవిచ్చిన మాట. ఆవిడ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. రిటైరైన సంగతి ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు. హాల్లో ఉన్నవాళ్ళందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. కూర్చున్నవాళ్ళ పేర్లు ఆవిడ గుర్తుపెట్టుకుంటుంది.

అట్ట ఇల్లంటే చూడనివాళ్ళకి చెప్పాలి. అరచేయంత ఉంటుంది. అట్ట కత్తిరించి, జిగురుతో అతికించి, రంగు వేసి, కప్పు మీద మంచులా మెరిసే పొడి చల్లుతారు. కిటికీలకు ఎర్రవో పచ్చవో జిలుగు కాగితాలు. ముంగిట వేలెడు కంచె, పక్కన బీరపీచుని ఆకుపచ్చ రంగులో ముంచి చేసిన చెట్టు. వెనక గోడకి గుండ్రటి చిల్లు. ఆ చిల్లులోంచి క్రిస్మస్ దీపాల తీగలో ఒక బల్బు దూరిస్తే, లోపల ఎవరో ఉండి వంట చేసుకుంటున్నట్టే ఉంటుంది. నా చిన్నప్పుడు చౌక బజారు కొట్లో గంపల్లో పోసి అమ్మేవాళ్ళు. డిసెంబరు రాగానే మా పెన్సిల్వేనియా ఇళ్ళల్లో చెట్టు కింద దూది పరిచి, వీటితో ఊరు కట్టేవాళ్ళం. దాన్ని మేం పుట్జ్ అంటాం. ఒకరింటి పుట్జ్ చూడ్డానికి ఇంకొకరు వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు నేల మీద కూర్చుని చూడాలి, "మా దానికంటే బాగుంది" అనాలి, బిస్కెట్లు తినాలి, వీధిలోకి వచ్చాక "మాదే నయం" అనుకోవాలి. అదీ మర్యాద.

ఇదంతా ఇళ్ళు ఆటబొమ్మలుగా ఉన్న రోజుల్లో. ఇప్పుడవి శాస్త్రం.

శాస్త్రం ఎలా పుట్టిందంటే, పాత అట్ట ఇల్లు ఏ ఊళ్ళో దొరికినా తిరగేస్తే అడుగున "జపాన్" అని చిన్న అచ్చు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అవన్నీ జపాను నుంచి ఓడల్లో వచ్చినవే. ఒక్క మా ఊరి ఇళ్ళకి మాత్రం అడుగున అచ్చు లేదు. అచ్చు ఉండాల్సిన చోట గీకినట్టు గరుగ్గా ఉంటుంది. దీన్ని బట్టి మామూలు మనిషి ఒకటి అనుకుంటాడు. మిస్ ఆర్డెల్లా మామూలు మనిషి కాదు. "మన పూర్వులు తమ చేతుల్తో చేసుకున్న ఇళ్ళివి. ఆ గరుకు వాళ్ళ వేలిముద్ర," అని తేల్చింది. దానికి ఎబర్స్‌బర్గ్ రకం అని పేరు పెట్టింది. మూతపడ్డ చొక్కాల మిల్లులో మ్యూజియం తెరిచింది. రహదారి మీద బోర్డు వెలిసింది. అట్ట ఇళ్ళ పరిరక్షణ, గుర్తింపు సంఘం ఏర్పడింది. ఏర్పడగానే ఇళ్ళని మూడు తరగతులు చేసింది. ఎబర్స్‌బర్గ్ రకం మొదటి తరగతి. పుట్టుపూర్వోత్తరాలు తెలియనివి రెండో తరగతి. బయటూళ్ళనుంచి వచ్చిన జపాన్ అచ్చున్నవి మూడో తరగతి, అంటే బజారు సరుకు. మూడో తరగతి ఇల్లున్నవాళ్ళు సంఘం భోజనాల్లో తలుపు దగ్గర బల్ల మీద కూర్చునేవాళ్ళు. అక్కడ చలిగాలి కొడుతుంది.

గుర్తించే పని డాక్టర్ రైఫ్‌స్నైడర్‌ది. ఆయన పళ్ళ డాక్టరు, ఆయన కూడా రిటైరే. నోట్లోకి పెట్టే చిన్న అద్దాన్నే వెనక చిల్లులోంచి పెట్టి ఇంటి లోపలంతా తిప్పి చూస్తాడు. చూస్తున్నంతసేపూ పాత అలవాటు కొద్దీ, "కొంచెం నొప్పిగా ఉండొచ్చు," అంటాడు. ఉంటుంది కూడా, ఇంటిగలవాళ్ళకి.

ఇక అసలు సంగతి. ఇది ఊళ్ళో డెబ్బై దాటిన ప్రతివాళ్ళకీ తెలుసు.

యుద్ధం మొదలైన ఏడాది మా ఊరికి మేయరు మిస్ ఆర్డెల్లా తండ్రి. శత్రుదేశం పేరు మన క్రిస్మస్ చెట్టు కింద ఉండటానికి వీల్లేదని ఆయన చాటింపు వేయించాడు. ఇళ్ళు పారేద్దామంటే ఎవరికీ మనసొప్పదు, పిల్లలు ఏడుస్తారు. అందుకని మధ్యేమార్గం కనిపెట్టాడు. ఊరందరూ ఇళ్ళు పట్టుకుని ఇదే ఫైర్ స్టేషన్ ముందు వరస కట్టారు. మేయరుగారు చాకు తీసి ఒక్కో ఇంటినీ తిరగేసి అచ్చు గీకేశాడు. గీకిన ప్రతి ఇంటికీ జనం చప్పట్లు కొట్టారు. రాలిన పొట్టు కింద పడకుండా పళ్ళెం పట్టుకుని నిలబడ్డది ఆయన కూతురే. తలకి నీలం రిబ్బను కట్టుకుంది.

మా అమ్మ ఆ వరసలో నిలబడలేదు. చాకు పెడితే అట్ట చిరుగుతుందని ఆవిడ బాధ. మైదాపిండి జిగురు కాచి, గోధుమరంగు సంచి కాగితం ముక్కలు కత్తిరించి, అచ్చు మీద అతికించేసింది. మేయరు అడిగితే తిరగేసి చూపించింది. పేరు కనపడటంలేదు కాబట్టి దేశభక్తి సరిపోయిందన్నాడు.

అవే ఇళ్ళు అమ్మ తర్వాత నా దగ్గరికి వచ్చాయి. హార్వే పోయాక వాటిని బయటికి తియ్యలేదు. ఒక్కదాన్నే ఊరు కట్టుకుని ఎవరికి చూపించను? కానీ ఈ సంగతి జరిగిన ఏడాది మా అక్క వెర్నా అడిగింది.

వెర్నా చర్చివాళ్ళ వృద్ధాశ్రమంలో ఉంటుంది. చూపు తగ్గుతూ వస్తోంది. వేసవిలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, వచ్చే ఏడు క్రిస్మస్‌కల్లా వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియదన్నాడు. బయటికొచ్చి కారెక్కాక వెర్నా అడిగింది, "ఏమే, అమ్మ ఊరు నీ దగ్గరే ఉందా, అమ్ముకున్నావా?"

"అటక మీదుందక్కా."

"అయితే ఈ క్రిస్మస్‌కి పెట్టు. అన్నింట్లో దీపాలు పెట్టు. కళ్ళు పోతే పోయాయి, పోయేముందు ఒకసారి చూసుకుంటాను."

అదీ నాకున్న పని. అంతకంటే పెద్దది ఏమీ లేదు. అందులోనే సంఘంవాళ్ళ చేతికి చిక్కాను.

అటక మీంచి దించితే అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క అట్ట చర్చికి కిటికీలో ఎర్ర కాగితం చిరిగిపోయింది. సంఘం దగ్గర అలాంటి కాగితం ఉంటుందని చర్చిని సంచిలో పెట్టుకుని మ్యూజియానికి వెళ్ళాను. అదే నా తెలివితక్కువ. డాక్టర్ రైఫ్‌స్నైడర్ చర్చిని తిరగేశాడు. గోధుమరంగు కాగితం చూశాడు. అద్దం చేతిలోంచి జారిపోయింది.

"మిసెస్ ట్రెక్స్లర్, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఊరంతా ఉందండి. నాకు ఎర్ర కాగితం ముక్క కావాలి."

"కదలకండి," అన్నాడు, పన్ను పీకబోయేముందు అన్నట్టు.

మర్నాడు తెల్ల చేతితొడుగులు వేసుకుని కమిటీ మా ఇంటికి వచ్చింది. గుర్తింపు కోసమనీ, వారంలో తిరిగిచ్చేస్తామనీ మిస్ ఆర్డెల్లా చెప్పింది. ఇళ్ళూ చెట్లూ కంచెలూ అన్నీ పట్టుకుపోయారు. దూది కూడా వదల్లేదు.

వారం పోయింది. ఇంకో వారం పోయింది. నవంబరు వచ్చింది. నేనే వెళ్ళాను.

మా అమ్మ ఊరు గాజు బీరువాలో ఉంది. ఇళ్ళన్నీ పోలీసు కవాతులో నిలబడ్డట్టు వరసగా ఉన్నాయి. చర్చి చివర్న ఉంది. మా ఊళ్ళో పుట్జ్‌లో చర్చిని చివర్న పెట్టినవాళ్ళని నేను చూడలేదు.

"అభినందనలు మిసెస్ ట్రెక్స్లర్," అంది మిస్ ఆర్డెల్లా. "మీవి మొదటి తరగతిలోకెల్లా మొదటివి. కాగితపు అడుగు. గరుకు అడుగు కంటే ప్రాచీనం. మీ ఇళ్ళవల్ల ఎబర్స్‌బర్గ్ చరిత్ర ఇంకో వందేళ్ళు వెనక్కి జరిగింది."

"సంతోషమండి. మరి తీసుకెళ్ళొచ్చా?"

"ఎక్కడికి?"

"ఇంటికి. చెట్టు కింద పెట్టుకోవాలి. లోపల దీపాలు పెట్టి మా అక్కకి చూపించాలి."

ఆవిడ డాక్టరు వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మొదటి తరగతి ఇళ్ళు చెట్టు కిందికి వెళ్ళవు," అంది. "వేడి తగలకూడదు. వెలుతురు తగలకూడదు. దూది అసలు తగలకూడదు. దీపం పెట్టడమనేది సంఘం నియమాల్లో నిప్పు పెట్టడం కింద లెక్క."

"మరి ఆ చిల్లు ఎందుకు పెట్టారండి, దీపం కోసం కాకపోతే?"

"పరీక్ష కోసం," అన్నాడు డాక్టరు, అద్దం చూపిస్తూ.

నేను ఆలోచించాను. "పోనీ మూడో తరగతి ఇళ్ళయితే ఇంటికి తీసుకెళ్ళొచ్చా?"

"బజారు సరుకు సంఘం దగ్గర ఉంచుకోదు. ఎవరిది వాళ్ళు తీసుకుపోవాల్సిందే."

"అయితే నావి మూడో తరగతిలో వెయ్యండి."

చుట్టుపక్కల బీరువాలు తుడుస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

"మూడో తరగతి కావాలని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరండి," అన్నాడు డాక్టరు. "అడగడానికి పద్ధతి కూడా లేదు. అందరూ పైకి పంపమని అడుగుతారు. కేకులు కూడా తెస్తారు."

"కిందికి పంపడానికైతే నేను కూడా కేకు తెస్తాను. అవి జపాన్‌వే డాక్టర్ గారూ. మా అమ్మ అచ్చు మీద కాగితం అంటించింది. నేను పక్కనే ఉండి జిగురు కలిపాను. మిస్ ఆర్డెల్లా, మీకు తెలియంది కాదు. ఆ రోజు పళ్ళెం పట్టుకున్నది..."

"మిసెస్ ట్రెక్స్లర్." ఆవిడ గొంతు హైస్కూలు వరండాలోంచి వచ్చింది. "మీ జ్ఞాపకాన్ని సంఘం గౌరవిస్తుంది. అంగీకరించదు. మన నియమం స్పష్టంగా ఉంది. ఇంటిగలవాళ్ళ నోటిమాట తరగతిని పెంచేదైతే సాక్ష్యం. తగ్గించేదైతే మతిమరుపు."

"ఆ కాగితం ఊడదీసి చూడండి. అచ్చు ఉంటుంది."

"సాక్ష్యాన్ని ఊడదియ్యడమా!" అన్నాడు డాక్టరు. ఆయన గుండె పట్టుకున్న తీరు చూసి, ఇంక అడిగితే నా మీద కేసవుతుందని బయటికి వచ్చేశాను.

క్షవరశాల ఎల్‌వుడ్ డీట్రిక్ నా ఈడువాడే. నేరుగా అతని కొట్లోకి పోయాను. ఎవరిదో గడ్డం గీస్తున్నాడు.

"ఎల్‌వుడ్, ఆ రోజు వరసలో నువ్వున్నావు కదూ?"

"ఎందుకు లేను. మా ఇంటి చర్చి నా చేతిలోనే ఉంది. మేయరు గీకుతుంటే గంట స్తంభం విరిగింది. మా అమ్మ నన్ను కొట్టింది, మేయర్ని కొట్టలేక."

"అయితే వచ్చి ఆ మాట సంఘంలో చెప్పు. నా ఇళ్ళు నాకు వస్తాయి."

కత్తి గడ్డం మీద ఆగింది. అద్దంలోంచి నా వైపు చూశాడు. "చెప్పడానికేముంది లూయెల్లా. నిరుడు నా ఇళ్ళకి మొదటి తరగతి ఇచ్చారు. కిటికీలో బోర్డు చూశావుగా. ఆ బోర్డు చూసి పొరుగూరి వాళ్ళు కూడా ఇక్కడికే వస్తున్నారు క్షవరానికి."

"గడ్డానికీ అట్ట ఇంటికీ ఏమిటి సంబంధం?"

"అదే నాకూ తెలీదు. తెలుసుకోబోతే పోతుందేమోనని ఊరుకున్నాను."

కుర్చీలో ఉన్నాయన నురగలోంచి, "నాకు కూడా గుర్తుంది, నాది రెండంతస్తుల ఇల్లు," అన్నాడు. అని, వెంటనే కళ్ళు మూసేసుకున్నాడు.

వెర్నాకి ఏం చెప్పాలో తెలియలేదు. ఆశ్రమానికి వెళ్ళినప్పుడల్లా, "దీపాల తీగ బాగుందో లేదో చూశావా?" అని అడిగేది. చూశానక్కా అనేదాన్ని. తీగ బాగానే ఉంది. పెట్టడానికి ఊరే లేదు.

అలా ఉండగా డిసెంబరు మొదట్లో చరిత్ర తిరగబడింది. కారు భాగాలు చేసే జపాను కంపెనీ ఒకటి మా జిల్లాలో ఫ్యాక్టరీ పెడదామనుకుంటోందనీ, స్థలం చూడ్డానికి వాళ్ళ అధికారి నిషిగాకి అనే ఆయన క్రిస్మస్‌కి వస్తున్నాడనీ తెలిసింది. అంతవరకైతే పేపర్లో వార్త. కానీ ఆయన ఇప్పటి మేయరుతో ఫోన్లో ఒక మాట అన్నాడట. వాళ్ళ అమ్మమ్మ పెళ్ళికి ముందు అమెరికాకి పంపే అట్ట ఇళ్ళు అతికించే పని చేసేదట. ఇంతకుముందు ఈ దారిన పోతూ రహదారి మీద అట్ట ఇళ్ళ బోర్డు చూశాననీ, మ్యూజియంలో వాళ్ళ ఊరి ఇళ్ళు కూడా ఉంటే చూడాలనుందనీ అన్నాడట.

ఆ మర్నాడే సంఘం అత్యవసర సమావేశం.

"సత్యం ఏ దేశంలో పుట్టినా ఎబర్స్‌బర్గ్ దాన్ని తన బిడ్డగానే చూసింది!" అని మొదలుపెట్టింది మిస్ ఆర్డెల్లా. "మన పూర్వులు ఈ ఇళ్ళని జపాను నుంచి ఎంతో ప్రేమగా తెప్పించుకున్నారు. ఈ సంగతి సంఘానికి మొదటినించీ తెలుసు."

లేచి చప్పట్లు కొట్టాం.

ఎల్‌వుడ్ మాత్రం తన కొట్టు కిటికీలో బోర్డు మీద బెంగతో చెయ్యెత్తాడు. "మరి మన పూర్వులు వాళ్ళ చేతుల్తో చేశారన్నారు?"

"చేతుల్తో కొన్నారు," అంది మిస్ ఆర్డెల్లా. "కాళ్ళతో కొంటారా ఎవరైనా?"

ఇక మిగిలింది ఒకటే చిక్కు. అన్నీ జపాను ఇళ్ళే, కానీ మ్యూజియంలో ఒక్క ఇంటికీ జపాన్ అచ్చు లేదు. అతిథి తిరగేసి చూస్తే ఏమనుకుంటాడు? డాక్టర్ రైఫ్‌స్నైడర్ పక్క పట్నానికి పోయి రబ్బరు ముద్ర చేయించుకొచ్చాడు. ఊదారంగు సిరా. గుండ్రటి గీత, మధ్యలో "జపాన్". సంఘం దీనికి పునరుద్ధరణ అని పేరు పెట్టింది. డాక్టరు తన పాత కుర్చీ తెప్పించి, ఇళ్ళని ఒక్కొక్కటే అందులో వెల్లకిలా పడుకోబెట్టి ముద్ర వేశాడు. వేస్తూ వేస్తూ చెయ్యి ఊపందుకుని కాఫీ కప్పులకి కూడా వేశాడు. అవి కూడా ఇప్పుడు మొదటి తరగతి.

చివరికి నా ఇళ్ళ వంతు వచ్చింది. ముద్ర వెయ్యాలంటే కాగితం ఊడదియ్యాలి. సాక్ష్యం మీద ప్రేమ అప్పటికి తగ్గింది కాబట్టి, కెటిల్లో నీళ్ళు మరిగించి ఆవిరి పట్టారు. ఇంటిగలదాన్ని కాబట్టి నన్ను కూడా పిలిచారు. మా అమ్మ జిగురు గట్టిది, ముందు ఊడలేదు. తర్వాత మెల్లిగా అంచు లేచింది. కాగితం వచ్చేసింది. అడుగున చిన్న ఎర్ర అక్షరాలు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.

"జపాన్," అని నేనే ముందు చదివాను. పైకి చదివాను. ఎవరికీ నచ్చినట్టు లేదు.

డాక్టరు భూతద్దం తెచ్చాడు. మ్యూజియం ఇళ్ళని ఒక పక్క, నా ఇళ్ళని ఒక పక్క పెట్టి చూశాడు. చాలాసేపు చూసి నిట్టూర్చాడు. పన్ను నిలబడదని చెప్పేముందు అలాగే నిట్టూర్చేవాడు.

"మిసెస్ ట్రెక్స్లర్, చెప్పడానికి బాధగా ఉంది. మ్యూజియంలో ప్రతి ఇంటి మీదా అచ్చు ఒకేలా ఉంది. గుండ్రంగా ఉంది, ఊదాగా ఉంది, తిన్నగా ఉంది. మీ వాటి మీద ఒక్కటే ఎర్రగా, వంకరగా, సగం చెరిగిపోయి ఉంది. ఇవి నకిలీవండి."

"డాక్టర్ గారూ, ఊరివాటి మీద మీరు మొన్న వేశారు కదా."

"అందుకే అంత స్పష్టంగా ఉన్నాయి."

మిస్ ఆర్డెల్లా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంత పేరున్న కుటుంబంనుంచి ఇలాంటి పని జరుగుతుందని అనుకోలేదు. ఇవి ఏ తరగతిలోకీ రావు. నకిలీ వస్తువులు సంఘం కప్పు కింద ఉన్నాయని అతిథికి తెలిస్తే ఫ్యాక్టరీ పోతుంది. ఈ సాయంత్రంలోగా అన్నీ తీసుకుపొండి."

"అన్నీనా అండి?"

"దూదితో సహా."

తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు. ఇంకాసేపు తలెత్తి ఉంటే నవ్వు బయటపడేది, ఇళ్ళు మళ్ళీ బీరువాలోకి పోయేవి.

ఎల్‌వుడ్ వ్యాను తెచ్చాడు. ఇళ్ళమీద క్షవరం తువ్వాళ్ళు కప్పి, ఎక్కడా కుదుపు లేకుండా నడిపాడు. "నకిలీవాళ్ళతో తిరిగితే నీ బోర్డు పోదా?" అంటే, "చీకటి పడుతోందిలే," అన్నాడు.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం వెర్నాని తీసుకొచ్చాను. దారిలో సంఘం సంగతంతా చెప్పాను. దిళ్ళు వేసి, నేను ఒక చెయ్యి, చెట్టు ఒక చెయ్యి ఆసరా ఇస్తే మెల్లిగా నేల మీద కూర్చుంది. బయట వెలుతురు తగ్గేదాకా ఆగి తీగ వెలిగించాను.

వెర్నా ముందుకి వంగి, ముక్కు కప్పులకి తగిలేంత దగ్గరగా పోయింది. ఒక్కో ఇంటి దగ్గరా ఆగింది.

"పసుపింట్లో నువ్వున్నట్టు ఆడుకునేదానివి," అంది. "నాకేమో పక్కదిచ్చేదానివి, పొగగొట్టం లేనిది."

"నువ్వే కావాలన్నావక్కా."

"నేనెందుకంటాను? చర్చి కిటికీ ఎరుపు కదూ?"

"ఎరుపే. చాక్లెట్ కాగితం పెట్టాను."

"బాగా తెలుస్తోంది." నా వైపు తిరిగింది. "చాక్లెట్ నువ్వొక్కదానివే తినేశావా?"

అప్పుడు తలుపు చప్పుడైంది.

గుమ్మంలో మిస్ ఆర్డెల్లా, ఆవిడ వెనక డాక్టరు, వీధిలో కారు దగ్గర పొడుగు కోటు వేసుకున్న ఒక జపాను ఆయన. మిస్ ఆర్డెల్లా లోపలికి తొంగిచూసి, తలుపు కొంచెం దగ్గరగా లాగి గొంతు తగ్గించింది.

"లూయెల్లా, మనం చిన్నప్పటినించీ ఎరిగినవాళ్ళం."

మిసెస్ ట్రెక్స్లర్ ఎటుపోయిందో నాకు తెలియలేదు.

"ఆయన మ్యూజియమంతా చూశాడు. మెచ్చుకున్నాడు. చివర్లో, వీటిలో దీపం ఎప్పుడు పెడతారని అడిగాడు. వాళ్ళ అమ్మమ్మ పని ఆ వెనక చిల్లు కొయ్యడమేనట. వెలిగిన ఇల్లు ఒక్కటి చూడాలన్నాడు. ఊళ్ళో ఎక్కడా లేదు."

"మీరే వద్దన్నారు కదా."

"అందుకే లేదు. ఒక్క అరగంట, లూయెల్లా. అరగంటసేపు నీవి నకిలీవి కావు."

"అరగంట తర్వాత?"

"అది తర్వాత సమావేశంలో చూద్దాం."

"రానివ్వవే," అంది లోపల్నించి వెర్నా. "పుట్జ్ చూడ్డానికి వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెడతారా?"

నిషిగాకి గారికి మర్యాద చెప్పక్కర్లేకపోయింది. బూట్లు విప్పి, కోటు విప్పి, నేరుగా బోర్లా పడుకుని దూది పక్కన గడ్డం ఆనించాడు. అతిథి పడుకున్నాక మిగిలినవాళ్ళు నిలబడితే బాగుండదు. డాక్టరు మోకాళ్ళమీద కూలబడ్డాడు. మిస్ ఆర్డెల్లా కూడా దిగింది. ఆవిడ ముత్యాల దండ దూది మంచులో పడింది. నేను బిస్కెట్లు పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను అడిగి, పసుపిల్లు తీసి తిరగేశాడు. ఎర్ర అచ్చు మీద బొటనవేలు పెట్టి అలాగే ఉంచాడు.

"మ్యూజియంలో అచ్చులు ఇలా లేవు," అన్నాడు మెల్లిగా. "అవి చాలా కొత్తగా ఉన్నాయి."

"మా ఊళ్ళో గాలి పొడిగా ఉంటుందండి," అన్నాడు డాక్టరు. "అచ్చు త్వరగా వాడదు."

వెర్నా బిస్కెట్టు నములుతూ తలెత్తింది. ముత్యాల దండ ఎటు మెరుస్తోందో చూసుకుని, మిస్ ఆర్డెల్లా వైపు వేలు చూపించింది.

"వీళ్ళ నాన్న చాకు పెట్టి గీకేశాడు బాబూ, మీ పేరు ఉండకూడదని. ఈ పిల్ల పళ్ళెం పట్టింది. ఇప్పుడు మీరు ఫ్యాక్టరీ పెడతారని తనే మళ్ళీ అచ్చేసింది."

డాక్టరు ఒక ఇంట్లోకి తొంగి చూస్తూ ఉండిపోయాడు. మిస్ ఆర్డెల్లా దండ మీద దూది దులుపుకుంది. హెడ్‌మిస్ట్రెస్ నవ్వు ఒకటి తెచ్చుకుని అతిథి వైపు తిరిగింది.

"పెద్దావిడ. పాపం, జ్ఞాపకశక్తి సరిగా ఉండదు."

నిషిగాకి గారు ఆ ఇంటిని జాగ్రత్తగా దాని దీపం మీద పెట్టాడు. పెట్టి, వెర్నాకి తల వంచి నమస్కారం చేశాడు.

"మా అమ్మమ్మకి కూడా ఇదే జబ్బుండేదండి," అన్నాడు. "పోయేదాకా ఒక్కటీ మర్చిపోలేదు."

లూయెల్లా ట్రెక్స్లర్, వయసు డెబ్బై నాలుగు. ప్రస్తుతం ఎబర్స్‌బర్గ్ చర్చి వృద్ధాశ్రమంలో, వెర్నా పక్క గది.